సంత నుంచి శాల వరకు: గేదెను వ్యానులో భద్రంగా తెచ్చుకోవడం ఎలా?

మన రెండు జిల్లాల పాడి రైతుకు సంత కొత్త కాదు. కోటబొమ్మాళి మండలంలోని నారాయణవలస సంత, జామి మండలంలోని అలమండ సంత, దత్తిరాజేరు మండలంలోని మానాపురం సంత పేర్లు వినని పశుపోషకుడు ఈ ప్రాంతంలో అరుదు. పూర్వం సంతలో కొన్న పశువును పలుపు పట్టుకొని, దారిలో ఏదో ఊళ్లో మజిలీ చేసి, గెడ్డలూ గట్లూ దాటించి నడిపించుకొనే ఇంటికి తెచ్చుకొనేవారు. ఇప్పుడు చిన్న వ్యాను మాట్లాడుకొని, ఉదయం కొన్న గేదెను సాయంత్రం పాలు పిండే వేళకు శాలలో కట్టేస్తున్నారు. కాలం కలిసి వస్తున్నది. పశువుకు నడక శ్రమ తప్పుతున్నది. అయితే నడిచి వచ్చిన రోజుల్లో లేని ప్రమాదాలు కొన్ని ఈ బండి వెంట వచ్చాయి. వాటిని గురించి, వాటిని తప్పించుకొనే మార్గాలను గురించి సభ్యులకు వివరంగా తెలియజేయాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

ఒక సంఘంలో జరిగిన సంగతి ముందుగా చెబుతాము. ఊరు, పేరు అవసరం లేదు. ఒక సభ్యుడు అప్పు చేసి ఒకేసారి రెండు పాడి గేదెలను కొన్నాడు. రెండింటినీ, వాటి దూడలనూ ఒకే చిన్న వ్యానులో ఎక్కించాడు. కిరాయి మిగిలిందనుకున్నాడు. ఎక్కించడానికి బల్ల లేదు. వెనక తలుపునే కిందికి దించి, దానిమీద నుంచే లాగారు. మొదటి గేదె ఎలాగో ఎక్కింది. రెండవది ముందు కాళ్లు తలుపు మీద పెట్టగానే ఒక పక్క గొలుసు తెగింది. గేదె కాలు తలుపుకూ బండికీ మధ్య ఇరుక్కుంది. ఎముక విరిగిన గేదె ఆ తరువాత లేవలేదు. పాలు రాలేదు గాని అప్పు వాయిదా మాత్రం నెలనెలా వస్తూనే ఉంది. ఆ దూడను బతికించుకోవడానికి ఆ ఇంటి ఇల్లాలు పడిన పాట్లు మేము కళ్లారా చూశాము. ఒక బల్ల, రెండు గోనెసంచుల ఇసుక, ఇంకో బండి కిరాయి ఉంటే ఈ నష్టం జరిగేది కాదు.

కదలని బరువు, కదిలే బరువు

మన సంఘాలకు బరువు ఎక్కించడం, దించడం తెలియని పని కాదు. నలభై లీటర్ల పాల క్యాను నిండితే సుమారు 50 కిలోలు తూగుతుంది. పది క్యాన్లను వ్యానులో ఒకదానికొకటి ఆనించి, తాడు బిగించి కడితే అవి ఊరు చేరేవరకు పెట్టినచోటనే ఉంటాయి. పవర్ టిల్లరును తీసుకువెళ్లినా అంతే. చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు వేసి, నాలుగు వైపులా తాళ్లు బిగిస్తే అది బండిలో భాగమైపోతుంది.

పూర్తిగా ఎదిగిన ముర్రా గేదె బరువు 450 నుంచి 550 కిలోల వరకు ఉంటుంది. అంటే పది నిండు క్యాన్ల బరువు నాలుగు కాళ్ల మీద నిలబడి ఉన్నట్లు లెక్క. ఈ బరువును క్యాన్లను బిగించినట్లు బిగించడానికి వీలులేదు. బ్రేకు వేస్తే గేదె ముందుకు తూలుతుంది. మలుపు తిరిగితే పక్కకు ఒరుగుతుంది. బెదిరితే వెనక్కు తన్నుకుంటుంది. పైగా బరువంతా ఎత్తులో ఉంటుంది. వ్యాను తొట్టి నేల నుంచి రెండున్నర, మూడు అడుగుల ఎత్తున ఉంటే, అందులో నిలబడిన గేదె వీపు ఏడు అడుగుల ఎత్తుకు వస్తుంది. ఇటువంటి బరువు ఒక పక్కకు ఒరిగినప్పుడు బండి కూడా ఒరగాలని చూస్తుంది. ఈ కారణం వల్లనే మూడు చక్రాల ట్రాలీ ఆటోలో గేదెను ఎక్కించడం ఎంతమాత్రం తగదు.

కాబట్టి మనం చేయవలసింది రెండు పనులు. పశువు తన కాళ్లమీద తాను నిలదొక్కుకొనేట్లు నేలను, ఆసరాను సమకూర్చాలి. అది తూలినా బండి దాటి పోకుండా చుట్టూ అడ్డు కట్టాలి. మిగిలిన జాగ్రత్తలన్నీ ఈ రెండింటిలోకే వస్తాయి.

ఏ బండిలో ఎన్ని పశువులు?

2015లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఆవుకు గాని, గేదెకు గాని బండిలో కనీసం 2 చదరపు మీటర్ల చోటు ఉండాలి. గొర్రెకు, మేకకు 0.3 చదరపు మీటరు. ఈ నిబంధన 2016 జనవరి 1 నుంచి అమలులో ఉన్నది. 2 చదరపు మీటర్లంటే సుమారు ఇరవై ఒకటిన్నర చదరపు అడుగులు.

ఇప్పుడు మన ఊళ్లలో తిరిగే బండ్లను కొలిచి చూద్దాము. టాటా ఏస్ వంటి చిన్న వ్యాను తొట్టి సుమారు 7 అడుగుల పొడవు, 5 అడుగులకు కొద్దిగా తక్కువ వెడల్పు. మొత్తం 35 చదరపు అడుగులకు మించదు. ఇందులో ఒక గేదెకు చోటు ఉంది. రెండవ దానికి లేదు. బరువు లెక్క చూసినా అంతే. ఈ బండి మోయగలిగేది సుమారు 750 కిలోలు. ఒక గేదె, దాని దూడ, ఒక మనిషి అయితే సరిపోతుంది. రెండు గేదెలైతే వెయ్యి కిలోలు దాటిపోతుంది. అప్పుడు బ్రేకు పట్టదు, స్టీరింగు నిలవదు.

బొలేరో పికప్ వంటి పెద్ద వ్యాను తొట్టి సుమారు 9 అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు, అంటే దాదాపు 50 చదరపు అడుగులు. ఇందులో రెండు గేదెలను పక్కపక్కన నిలబెట్టవచ్చు. లేదా ఒక గేదెను, మధ్యలో అడ్డకర్ర కట్టి దాని దూడను తేవచ్చు. రెండు గేదెలూ రెండు దూడలూ అయితే రెండు బండ్లు కావలసిందే. పెద్ద పశువుల కాళ్ల మధ్య దూడను వదిలితే మొదటి గట్టి బ్రేకుకే అది నలిగిపోతుంది. బండ్ల మోడళ్లు మారుతుంటాయి గనుక బేరం కుదుర్చుకొనే ముందు తొట్టిని టేపుతో కొలవడం, మోయగల బరువును బండి పత్రంలో చూడడం మేలు.

లక్ష రూపాయలకు అటూ ఇటూగా పెట్టి పశువును కొని, రెండవ కిరాయి దగ్గర వెనకాడడం లాభమో నష్టమో సభ్యులే ఆలోచించుకోవాలి.

చట్టం ఏమి చెబుతోంది?

1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1978లో పశువుల రవాణా నియమాలు చేశారు. అవి చదివితే పోలీసుల కోసం రాసినట్లు కాక, అనుభవమున్న పశుపోషకుడు చెప్పినట్లే ఉంటాయి. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

పశువు ప్రయాణానికి తగిన స్థితిలో ఉన్నదని, అంటువ్యాధి లేదని పశువైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి. పశువుకు మేత, నీరు పెట్టిన తరువాతనే ఎక్కించాలి. ఎక్కించడానికి, దించడానికి తగిన వాలుబల్ల ఉండాలి. మామూలు సరుకుల బండి అయితే తొట్టిలో కాలు జారకుండా పీచుపట్టాలు గాని చెక్కలు గాని పరచాలి. బండి గోడలు పొట్టిగా ఉంటే ఎత్తు పెంచాలి. పశువులతోపాటు వేరే సరుకు వేయకూడదు. వెంట ఒక మనిషి ఉండాలి. వీలైనంతవరకు పశువుల ముఖం ఇంజను వైపు ఉండేట్లు నిలపాలి. ప్రథమ చికిత్స సామగ్రి, దారిలో నీటి ఏర్పాటు ఉండాలి.

ఒక బండిలో ఆరు పశువులకు మించకూడదని కూడా ఈ నియమాల్లో ఉన్నది. దీన్ని కొందరు ‘ఆరు వరకు ఎక్కించవచ్చు’ అని అర్థం చేసుకుంటున్నారు. అది పొరపాటు. ఆరు అనేది ఎంత పెద్ద లారీకైనా పై హద్దు. చిన్న వ్యానుకు చోటు లెక్క, బరువు లెక్కే హద్దు.

పశువైద్యుని పత్రంతోపాటు సంతలో ఇచ్చిన కొనుగోలు రసీదును, పశువు చెవిపోగు మీది పన్నెండు అంకెల సంఖ్యను రాసుకొన్న కాగితాన్ని దగ్గర ఉంచుకోండి. దారిలో ఎవరు ఆపినా ‘పాడి కోసం కొన్నాము’ అని నోటితో చెప్పేకంటే కాగితం చూపించడం సులువు. బీమా చేయించినవారు ప్రయాణంలో జరిగే నష్టం ఆ బీమాలో ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఏ పశువును బండి ఎక్కించకూడదు?

గేదె చూలు కాలం సుమారు పది నెలల పది రోజులు. ఇందులో చివరి నెలలో ఉన్న పశువును బండి ఎక్కించవద్దు. ‘నిండు చూలుతో కొంటే ఇంటికి రాగానే ఈనుతుంది’ అని ఆశపడి దారిలోనే ఈనించుకొన్నవారు ఉన్నారు. ఈనిన రెండు రోజుల లోపు పశువు కూడా ప్రయాణానికి పనికిరాదు. మాయ పడనిది, కుంటుతున్నది, జ్వరం ఉన్నది, నోట చొంగ కార్చుతూ గిట్టల మధ్య పుండ్లున్నది, చర్మం మీద గడ్డలున్నది ఎంత చౌకగా వచ్చినా బండిలోకి రాకూడదు. అది ఒక్కటే కాక మీ శాలలో ఉన్నవాటికీ కష్టం తెస్తుంది.

పాలిచ్చే పశువును ఎక్కించే ముందు పాలు తీసేయాలి. నిండిన పొదుగుతో నిలబడి ప్రయాణం చేస్తే పశువుకు నొప్పి. పొదుగువాపుకు కూడా దారి తీయవచ్చు. మేత, నీరు పెట్టాలి గాని బయలుదేరే ముందు దాణా దండిగా పెట్టడం మంచిది కాదు. గడ్డి చాలు.

బండిని సిద్ధం చేయడం

తొట్టి ఇనుప రేకు మీద పేడ, మూత్రం పడితే అది సబ్బు రాసిన బండలా జారుతుంది. ఉత్త ఎండుగడ్డి పరిస్తే ఆ గడ్డే రేకు మీద జారుతుంది. అందుచేత ముందు రెండు అంగుళాల మందాన ఇసుక పరచి, దానిమీద గోనెపట్టాలు వేసి, ఆపైన గడ్డి చల్లాలి. ఇసుక బరువును కూడా బండి మోసే లెక్కలో కలపడం మరువవద్దు. మన ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి పీచు పని ఉన్నది గనుక అక్కడి సభ్యులకు పీచుపట్టాలు దొరకడం కష్టం కాదు. ఒక్కసారి కొంటే చాలాకాలం వస్తాయి.

చిన్న వ్యాను పక్కగోడలు ఒక అడుగు ఎత్తు మాత్రమే ఉంటాయి. గేదె వీపు ఎత్తు నాలుగున్నర అడుగులు. అడుగు ఎత్తు గోడ దాన్ని ఆపకపోగా, తూలినప్పుడు కాళ్లకు అడ్డుపడి కిందికి తోస్తుంది. తొట్టి నేల నుంచి అయిదు అడుగుల ఎత్తు వరకు నాలుగు వైపులా గట్టి అడ్డు ఉండాలి. ఇనుప చట్రం ఉన్న బండి దొరికితే మంచిది. లేకపోతే లావుపాటి సరుగుడు గెడలు నిలువుగా, అడ్డంగా కట్టి బిగించాలి. లారీల పట్నమైన సాలూరులోను, ఇతర పట్టణాలలోను బాడీ కట్టే షాపులున్నాయి. ఊళ్లో తరచుగా పశువులను తోలే వ్యాను ఉంటే దానికి తీసిపెట్టే చట్రం ఒకటి చేయించమని యజమానికి చెప్పండి.

తొట్టి అంతా చేతితో తడిమి చూడాలి. పైకి లేచిన రేకు, మేకు, తెగిన తీగ ఉంటే పొదుగుకు, కాళ్లకు గాయం చేస్తాయి. పశువు ఒంటికి తగిలే గెడలకు గోనె చుట్టాలి.

వాలుబల్ల

ప్రమాదాల్లో ఎక్కువ భాగం రోడ్డు మీద కాక, ఎక్కించే చోటా దించే చోటా జరగడం మేము గమనించాము. దీనికి మందు వాలుబల్ల.

మూడు అడుగుల ఎత్తు తొట్టికి పది అడుగుల పొడవు బల్ల కావాలి. అంతకంటే పొట్టి బల్ల వేస్తే వాలు నిటారై పశువు మొండికేస్తుంది. వెడల్పు మూడు, మూడున్నర అడుగులు ఉండాలి. బల్ల మీద ఎనిమిది అంగుళాలకు ఒకటి చొప్పున అడ్డపట్టీలు కొట్టాలి. గిట్ట వాటికి ఆని నిలుస్తుంది. బల్లకు రెండు పక్కలా గెడలు కట్టితే పశువు పక్కకు దూకదు. బల్ల నడుమ కింద దిమ్మ గాని, కాళ్లు గాని తప్పనిసరిగా ఉండాలి. గేదె నడుమకు వచ్చినప్పుడే బల్ల విరిగేది.

బల్ల బలాన్ని పరీక్షించడానికి పెద్ద లెక్కలు అక్కరలేదు. ఎనిమిది మంది మనుషులను దాని నడుమ దగ్గరగా నిలబెట్టండి. వారి బరువు ఇంచుమించు ఒక గేదె బరువు. బల్ల కిర్రుమన్నా, వంగినా దాన్ని ఇంకా బలపరచాలి.

బల్ల పై అంచు తొట్టి అంచు మీద కూర్చోవాలే గాని దించిన వెనక తలుపు మీద కాదు. ఆ తలుపు గొలుసులు సరుకు అందించుకోవడానికే గాని, అయిదు వందల కిలోల పశువు ఒక్కసారిగా కాలు మోపితే ఆపడానికి కాదు. పై అంచును రెండు వైపులా తాడుతో బండి చట్రానికి కట్టేయాలి. కట్టకపోతే పశువు వెనక కాళ్లతో తన్నినప్పుడు బల్ల వెనక్కు జారి, పశువు నడుమ పడిపోతుంది. బండికి చేతిబ్రేకు వేసి, గేరులో పెట్టి, చక్రాల ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. ఇంజను ఆపేయాలి.

బల్ల లేనిచోట నేలనే బల్లగా చేసుకోవచ్చు. చెరువు గట్టు, కళ్లం అంచు, రోడ్డు పక్క మట్టిదిబ్బ ఏదైనా తొట్టి ఎత్తుకు సమంగా ఉంటే బండిని దానికి ఆనించి నిలిపి, మధ్య సందు మీద గట్టి చెక్క వేయాలి. క్యాన్లు ఎక్కించే అరుగు మన పాలకేంద్రాలలో చాలాచోట్ల ఉంది. ఆ అరుగుకు ఒక పక్క మట్టిపోసి వాలు చేస్తే పశువులకూ పనికొస్తుంది.

ఎక్కించే తీరు

కొత్త పశువుకు మీరు కొత్త, బండి కొత్త. దాన్ని తొందరపెట్టవద్దు. దాన్ని పెంచిన పాత యజమాని చేతనే పలుపు పట్టించి నడిపిస్తే సగం పని అయినట్లే. దూడను ముందు ఎక్కించి తల్లికి కనిపించేట్లు ఉంచితే తల్లి దానంతట అదే వస్తుంది. రెండు గేదెలుంటే సాధువైనదాన్ని ముందు ఎక్కించాలి. బల్ల మీద కొద్దిగా గడ్డి చల్లితే పశువు నేలేనని నమ్ముతుంది. తొట్టి చీకటిగా ఉంటే పశువు వెనకాడుతుంది గనుక వెలుతురు లోపలికి పడేట్లు బండిని నిలపాలి.

తోక మెలిపెట్టడం, కర్రతో పొడవడం, పదిమంది చేరి కేకలు వేయడం వల్ల పశువు ఎక్కదు సరికదా, పక్కకు దూకుతుంది. మనుషులు ఎవరూ దాని వెనక సూటిగా నిలబడవద్దు. పలుపు పట్టినవాడు పశువుకూ క్యాబిన్ గోడకూ మధ్య ఇరుక్కుపోకుండా, పక్క గెడల మీదుగా బయటకు వచ్చే దారి ముందే చూసుకోవాలి. పలుపును చేతికి చుట్టుకోవద్దు.

కట్టే తీరు

ఇక్కడ ఒక క్రమం ఉన్నది. దాన్ని తప్పక గుర్తుంచుకోవాలి. ఎక్కిన తరువాత ముందుగా పశువు తొడల వెనక అడ్డగెడ వేయాలి. ఆ తరువాతనే మెడ కట్టాలి. దించేటప్పుడు దీనికి తిరగవేసి, ముందు మెడతాడు విప్పి, తరువాత అడ్డగెడ తీయాలి. కారణం చెబుతాము. తల కట్టేసి ఉండి వెనక తెరిచి ఉంటే, బెదిరిన పశువు వెనక్కు లాక్కుంటుంది. వెనక కాళ్లు బండి దాటి కిందికి జారితే శరీరం మొత్తం మెడతాడుకు వేలాడుతుంది. అటువంటప్పుడు ముడి విప్పే సమయం కూడా ఉండదు.

ముకుతాడుకు ఎన్నడూ కట్టవద్దు. ఒక్క కుదుపుకు ముక్కు చీరుకుపోతుంది. మెడకు జారుముడి వేయవద్దు. తూలినకొద్దీ అది బిగిసి ఊపిరి ఆపుతుంది. తలకు వేసే తలకట్టు గాని, బిగియని ముడితో మెడకు వేసిన పట్టీ గాని వాడి, రెండు పక్కలా రెండు తాళ్లతో గెడలకు కట్టాలి. తాడు పొడవు తల ఆడించుకొనేంత ఉండాలి. వెనక్కు తిరగడానికి, గోడ పైనుంచి తల బయట పెట్టడానికి వీలు లేనంత ఉండాలి. చివర ఒక్క లాగుతో ఊడివచ్చే ముడి వేయాలి. ఒక పదునైన కత్తి గాని కొడవలి గాని క్యాబిన్‌లో చేతికందేట్లు ఉంచుకోవాలి. కాళ్లు కట్టడం కూడదు. కాళ్లు విడిగా ఉంటేనే పశువు తనను తాను నిలబెట్టుకొంటుంది.

ఒక్క గేదె ఉంటే దాన్ని తొట్టి నడుమ, ముందుకు చేర్చి నిలపాలి. బరువంతా వెనక ఇరుసు దాటి ఉంటే బండి ముందు భాగం తేలిపోయి స్టీరింగు మాట వినదు. పశువుకు అటూ ఇటూ ఎక్కువ ఖాళీ ఉంటే గోనె చుట్టిన గెడలను పక్కల కట్టి ఖాళీ తగ్గించాలి. ఒరిగితే ఆనుకోవడానికి ఆసరా ఉండాలి.

వెనక తలుపు వేసి కొక్కెం పెట్టిన తరువాత, దానిమీద అదనంగా గట్టి తాడు కట్టాలి. కొక్కేన్ని ఒక్కదాన్నే నమ్మవద్దు.

దారిలో

గేదె నల్లని చర్మం ఎండను పీల్చుకుంటుంది. చెమట గ్రంథులు ఆవుకంటే తక్కువ. అందువల్ల వేసవిలో మధ్యాహ్నం వేళ ప్రయాణం పెట్టుకోకూడదు. తెల్లవారుజాము గాని, ఎండ తగ్గిన తరువాత గాని బయలుదేరాలి. కదిలే బండిలో గాలి ఆడుతుంది. ఆగిన బండిలోనే వేడి ఎక్కువ. డ్రైవరు టీ తాగడానికి బండిని ఎండలో నిలిపితే వద్దని చెప్పండి. పైన కప్పు వేస్తే నీడకోసం వేయాలి గాని, టార్పాలినుతో నాలుగు వైపులా మూసి గాలి ఆపకూడదు.

బయలుదేరిన రెండు మూడు కిలోమీటర్లకే ఒకసారి ఆపి చూడాలి. తాళ్లు సడలేది, ఇసుక సర్దుకొనేది, పశువు బెదిరేది అప్పుడే. ఆ తరువాత గంటకొకసారి చూస్తే చాలు. వెంట వచ్చిన మనిషి డ్రైవరు పక్కన కూర్చోవాలి. తొట్టిలో పశువు పక్కన నిలబడి ప్రయాణం చేయవద్దు. పిల్లలను అసలే ఎక్కించవద్దు.

వేగం నలభై దాటనక్కరలేదు. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. ఇచ్ఛాపురం నుంచి పలాస, టెక్కలి, నరసన్నపేట మీదుగా వచ్చే 16వ నంబరు జాతీయ రహదారి విశాలంగా ఉన్నదని డ్రైవర్లు ఎనభైలో పోతారు. గేదెకు రహదారి నంబరు తెలియదు. దానికి తెలిసింది ఒక్కసారి పడిన బ్రేకు మాత్రమే. సాలూరు దాటి ఒడిశా వైపు పోయే ఘాట్ రోడ్డు మీద దిగేటప్పుడు చిన్న గేరులోనే రావాలి. మలుపుకు ముందే వేగం తగ్గించాలి గాని మలుపులో బ్రేకు వేయకూడదు. ఊళ్లలోని గతుకులు, స్పీడు బ్రేకర్లు నడక వేగంతో దాటించమని డ్రైవరుకు ముందే చెప్పి కిరాయి మాట్లాడుకోండి.

పశువు దారిలో పడిపోతే వెంటనే బండిని రోడ్డు పక్కన నీడలో ఆపాలి. ముందు మెడతాడు విప్పాలి. కాసేపు ఊపిరి తీసుకోనిచ్చి, తనంతట లేవడానికి చోటు ఇవ్వాలి. తోక పట్టి లాగడం వల్ల వెన్నుకు దెబ్బ తగులుతుంది. లేవకపోతే 1962 నంబరుకు ఫోను చేయాలి. సంచార పశువైద్య వాహనాల సేవ ఈ నంబరుతో మన రాష్ట్రంలో 2022 మేలో ప్రారంభమైంది.

దించడం, ఆ తరువాత

ఇల్లు చేరామన్న తొందరలో చాలామంది పశువును బండి మీద నుంచి దూకిస్తారు. గంటల తరబడి నిలబడి కాళ్లు బిగుసుకున్న గేదె మూడు అడుగుల ఎత్తు నుంచి దూకితే కాలు విరగవచ్చు, చూలు పోవచ్చు. ఎక్కించిన ఊళ్లో వాడిన బల్లను వెంట తెచ్చుకోవాలి, లేదా మన ఊళ్లో మరొకటి ముందే సిద్ధం చేసుకోవాలి.

దించిన తరువాత నీడలో కట్టి, శుభ్రమైన నీరు కొద్దికొద్దిగా తాగించాలి. ఆ పూటకు గడ్డి మేపి, దాణాను రెండు మూడు రోజుల్లో క్రమంగా పెంచాలి. కాళ్లు, మోకాళ్లు, పొదుగు, ముక్కు పరీక్షగా చూసి గాయాలకు మందు వేయాలి. మొదటి కొద్దిరోజులు పాలు తగ్గుతాయి. ఇది చూసి ‘మోసపోయాము’ అని సంతవాడిని తిట్టుకోవద్దు. ప్రయాణపు బడలిక, చోటు మార్పు తీరాక పాలు తిరిగి వస్తాయి. కొత్త పశువును మూడు వారాలపాటు మిగతావాటికి దూరంగా, వేరు తొట్టి, వేరు మేతతో ఉంచాలి. ఈలోగా గాలికుంటు టీకా ఎప్పుడు పడిందో పశువైద్యశాలలో చెవిపోగు సంఖ్య చెప్పి తెలుసుకోవచ్చు.

సంఘం చేయగల పని

ఒక్కొక్క సభ్యుడు ఒక్కొక్క బల్ల చేయించుకోలేడు. ఏడాదికి ఒకసారి కూడా వాడని వస్తువు మీద ఎవరు ఖర్చు పెడతారు? కాని సంఘం పేరున ఒక వాలుబల్ల, నాలుగు పీచుపట్టాలు, రెండు తలకట్లు, మంచి తాళ్లు ఉంటే ఊరందరికీ సరిపోతాయి. పాలకేంద్రంలో ఒక మూల ఉంచి, తీసుకువెళ్లినవారి పేరు పుస్తకంలో రాసుకుంటే చాలు. బల్ల తయారీకి ఊరి వడ్రంగికి రెండు రోజుల పని. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు పల్లపు ఊళ్ల నుంచి పశువులను మెరకకు చేర్చడానికీ ఇదే బల్ల అక్కరకు వస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ను, 2018 అక్టోబరులో తిత్లీని చూసిన మన జిల్లాలకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ వ్యాసాన్ని చదివి వినిపించవలసిందిగా సంఘ అధ్యక్షులను, కార్యదర్శులను కోరుతున్నాము. ఊళ్లో వ్యాను నడిపే కుర్రవాళ్లను కూడా పిలవండి. పలుపు పట్టేవాడికి ఎంత తెలియాలో స్టీరింగు పట్టేవాడికీ అంతే తెలియాలి. సంతలో బేరం ఎంత గట్టిగా ఆడినా, గేదె తన నాలుగు కాళ్లమీద నడిచి మన శాలలోకి వచ్చిన తరువాతనే ఆ బేరం పూర్తయినట్లు.